గొంతు మనది, పాట ఎవరి భాషలో ఉంది?

పోస్టు పెద్దదే. డేటా, టైము రెండూ ఉన్నప్పుడు చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, చదవకుండా మాత్రం వద్దు.

మొన్న ఇక్కడ ఒక తమ్ముడు మంగ్లీ అక్క పాట పెట్టి "మన ట్రైబల్ గర్వకారణం" అని రాశాడు. దాని కింద ఇంకొకరు "మన భాషలో ఎన్ని పాడింది?" అని ఒకే ఒక్క ముక్క అడిగారు. ఇంక చూస్కోండి, రెండు రోజులు అదే రచ్చ. లంబాడీ వాళ్లు ఒక వైపు, కోయ వాళ్లు ఒక వైపు, మధ్యలో మా ఎరుకల కుర్రోళ్లు ఎమోజీలు. రిజర్వేషన్ గొడవ కూడా తీసుకొచ్చి కలిపేశారు. ఆ గొడవ వేరు, దాని జోలికి నేను పోవట్లేదు. నేను మాట్లాడేది పాట గురించి, అందులోనూ డాన్స్ పాట గురించి.

నా మాట ముందే చెప్పేస్తాను. ప్రశ్న మంచిదే, కానీ తప్పు మనిషిని అడిగాం. మంగ్లీ అక్క దారిలో మన భాషకి ఎక్కడా స్టాపు లేదు. స్టాపు కట్టాల్సింది మనం. ఎలాగో చెప్తాను.

ముందు అక్క సంగతి. అనంతపురం జిల్లా గుత్తి దగ్గర బసినేపల్లి తండా. 1994లో పుట్టింది. అసలు పేరు సత్యవతి రాథోడ్ (తెలంగాణలో మంత్రిగా చేసిన సత్యవతి రాథోడ్ గారు వేరు, పేరు మాత్రం ఒకటే, గూగుల్ కొట్టినవాళ్లు తికమక పడకండి). తిరుపతి వెళ్లి కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఈ విషయం చాలా మందికి తెలీదు. తండా పిల్ల కదా, పుట్టుకతోనే గొంతు వచ్చేసింది, అడవి కోకిల, అని టీవీలో యాంకర్లు అంటూ ఉంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. పట్నం పిల్ల సంగీతం నేర్చుకుంటే సాధన అంటారు, మన పిల్ల నేర్చుకుంటే కోకిల అంటారు. కోకిల పరీక్ష రాయదండీ. ఈ అమ్మాయి కూర్చుని స్వరాలు నేర్చుకుంది.

తర్వాత హైదరాబాద్. వీ6 ఛానల్‌లో "మాటకారి మంగ్లీ". అక్కడే సత్యవతి పోయి మంగ్లీ వచ్చింది. ఆ కార్యక్రమం అంతా తెలంగాణ యాసలో. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇంట్లో గోర్ బోలి. ఊళ్లో, బడిలో అనంతపురం తెలుగు. టీవీలో తెలంగాణ తెలుగు. ఒక మనిషి మూడు నాలుకలు మార్చుకుంది, ఇంకా పాతికేళ్లు కూడా రాకముందే. ఆ యాస ఎంత బాగా పట్టిందంటే, తెలంగాణ అవతరణ దినోత్సవానికి పాడిన పాట, బతుకమ్మకి ఏటేటా పాడిన పాటలు విని ఈవిడ వరంగల్ పిల్లో కరీంనగర్ పిల్లో అనుకున్నవాళ్లే ఎక్కువ. రాయలసీమ తండా నుంచి వచ్చిందని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయారు.

సినిమా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2019లో "రాములో రాములా", అనురాగ్ కులకర్ణితో కలిసి, కాసర్ల శ్యామ్ రాసింది, తమన్ సంగీతం. 2021లో "సారంగ దరియా", లవ్ స్టోరీ సినిమాకి. యూట్యూబ్‌లో నెల రోజులు కొంచెం అటూ ఇటూగా 10 కోట్ల వ్యూస్ దాటింది. అదే ఏడాది కన్నడ సినిమా రాబర్ట్ తెలుగు వెర్షన్‌లో పాడితే, తెలుగు పాట అయినా కర్ణాటకలో ఊపేసింది. 2022లో తిరుమల వాళ్ల ఎస్‌వీబీసీ ఛానల్‌కి సలహాదారుగా వేశారు. చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ 2021 చివర్లో పుష్పలో పాడిన పాట అయితే దేశమంతా మోగింది. ఒకే తండా ఇంట్లోంచి ఇద్దరు. అది ఏ లెక్కన చూసినా చిన్న విషయం కాదు.

మన కోనసీమలో సంక్రాంతికి ఉన్నవాళ్లకి తెలుసు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ల ప్రభలు కొబ్బరితోటల్లోంచి, చేలల్లోంచి, కాలవ దాటి వస్తాయి. మోసేవాళ్ల భుజాలు, డప్పులు, జనం. ఆ దారి పొడుగునా డీజే బాక్సులు. ఆ బాక్సుల్లో మంగ్లీ అక్క లేని ఏడాది ఈ మధ్య నేను చూడలేదు. ఆ పాటకి ఎగిరేవాళ్లలో అన్ని కులాల వాళ్లూ ఉంటారు. మిగతా రోజుల్లో మన పేటలోకి అడుగు పెట్టనివాళ్లు కూడా. పాడింది తండా పిల్ల అని వాళ్లకి తెలుసు. తెలిసీ ఎగురుతున్నారు. దీన్ని నేను తక్కువ చెయ్యను.

ఇప్పుడు ఆ ఒక్క ముక్క ప్రశ్నకి వద్దాం. మన భాషలో ఎన్ని?

పాడలేదనడం అబద్ధం. సేవాలాల్ మహరాజ్ మీద, తీజ్ పండక్కి బంజారా పాటలు పాడింది. "గోర్ జీవన్" అని బంజారా భాషలో తీసిన సినిమాలో నటించింది. 2020లో "స్వేచ్ఛ" అని తండాల్లో ఆడపిల్లల అమ్మకం మీద వచ్చిన సినిమాలో చేసింది, అది తెలుగు. సారంగ దరియా తెలిసిన వందమందిలో గోర్ జీవన్ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. ఈ గ్రూపులోనే చేతులెత్తమంటే నాకు అనుమానమే. ఆవిడ పాడింది. మనం వినలేదు. విననివాళ్లం ఎందుకు పాడలేదని అడుగుతున్నాం.

ఇంకో సంగతి. మన పేర్లు, మన పల్లవులు బయటికి బాగానే వెళ్తున్నాయి. భాష ఒక్కటే గడప దాటట్లేదు. "రేలా" అన్నది కోయ, గోండు ఊళ్ల ఆటపాట. ఆ మాట ఉద్యమ పాటల్లోకి వెళ్లింది, మా టీవీలో జానపద పాటల పోటీకి పేరైంది, ఇప్పుడు ఏ కాలేజీ ఫంక్షన్‌లో అయినా వినిపిస్తుంది. రేలా తర్వాత వచ్చే లైను మాత్రం తెలుగే. 2022లో భీమ్లా నాయక్ సినిమా వచ్చింది. హీరో పేరు చూస్తే తండా పేరు. సినిమా మొత్తంలో గోర్ బోలి ఎక్కడ? అది మలయాళం అయ్యప్పనుం కోషియుం సినిమాకి రీమేక్ అని తెలుసు కదా. ఆ మలయాళం సినిమాలో అట్టప్పాడికి చెందిన నంజియమ్మ ఇరుళ భాషలో పాడింది. మేకలు కాసుకునే పెద్దావిడ, తన భాషలో, సినిమా మొదట్లోనే. 2022లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయని ఆవిడే. శృతి కూడా సరిగ్గా పెట్టుకోలేని ఆవిడకి అవార్డా అని కొంతమంది సంగీతం తెలిసినవాళ్లు ఏడిచారు కూడా. తెలుగులోకి వచ్చేసరికి అడవి పాట కూడా తెలుగైపోయింది. దుర్గవ్వ బాగా పాడింది, ఆవిడ మీద నాకు ఫిర్యాదు లేదు. కేరళలో కుదిరింది మన దగ్గర ఎందుకు కుదరదనేదే నా బాధ.

"అర్థం కాని భాషలో పాట పెడితే ఎవడు వింటాడ్రా?" అని అడుగుతారు. మొన్న కూడా అడిగారు. దీనికి జవాబు కోసం కొంచెం దూరం వెళ్దాం, ఆఫ్రికా దాకా.

దక్షిణాఫ్రికా ఉత్తరం చివర లింపోపో అని ఒక రాష్ట్రం. పేద రాష్ట్రం, జొహానెస్‌బర్గ్ వాళ్లు పల్లెటూరోళ్లని వెక్కిరించే చోటు. అక్కడ వెండా అనే జనం ఉంటారు, వాళ్ల భాష షివెండా. 1996లో పుట్టిన ఒక అమ్మాయి, మంగ్లీ అక్క కన్నా రెండేళ్లు చిన్న. చిన్నప్పుడే డాన్స్ గ్రూపులో చేరింది. ట్యాక్సీ స్టాండ్లలో పాడి ఆడేది. అక్కడ ట్యాక్సీ అంటే మన మ్యాజిక్ వ్యాన్ లాంటిది, జనాన్ని కుక్కి తీసుకెళ్లేది. స్టాండులో బండి నిండేదాకా జనం కూర్చుంటారు కదా, వాళ్లే ఈమె ఆడియన్స్. స్టేజి పేరు మఖాడ్జీ. ఆ మాటకి వాళ్ల భాషలో అర్థం ఏంటో తెలుసా? మేనత్త. వెండా ఇళ్లల్లో మేనత్త మాటకి బరువెక్కువ. పెళ్లి, చావు, కుటుంబ పూజ, ఆఖరికి రాజు ఎవరు అనే తగువు కూడా ఆమె లేకుండా తేలదు. ఇంటి పేరు కాదు, ఇంగ్లీషు పేరు కాదు, చుట్టరికం పేరు పెట్టుకుని స్టేజి ఎక్కింది ఈ పిల్ల.

2019లో "మటొరొకిసి" అని ఒక డాన్స్ పాట వచ్చింది. దేశమంతా పెళ్లిళ్లలో, బార్లలో, ఫుట్‌బాల్ గ్రౌండ్లలో అదే. 2020లో "కొకొవా" ఆల్బమ్. 2021లో "ఘనామా". ఆమె ఎక్కువగా పాడేది షివెండాలోనే. జూలు వాళ్లు, షోసా వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు అర్థం కాకుండానే ఎగిరారు. అదే లింపోపో నుంచి మాస్టర్ కేజీ అనే కుర్రాడు, నొంసెబో అనే గాయని గొంతుతో 2019లో "జెరుసలేమా" చేశాడు. జూలు భాషలో. మరుసటి ఏడాది కరోనా టైములో ఆ పాటకి ప్రపంచమంతా డాన్స్ చేసి వీడియోలు పెట్టింది, ఆస్పత్రి నర్సుల దగ్గర్నుంచి చర్చి ఫాదర్ల దాకా. వాళ్లలో ఎంతమందికి జూలు వచ్చు?

అంత దూరం ఎందుకు. శ్రీలంక అమ్మాయి యొహానీ 2021లో పాడిన సింహళ పాట మన కాలేజీల్లో ఎన్ని రీల్స్ అయ్యింది? పల్లీలు అమ్ముకునే బెంగాలీ ఆయన పాటకి అమలాపురం గడియారస్తంభం సెంటర్‌లో కుర్రాళ్లు స్టెప్పులేయడం నేను చూశాను. వాళ్లలో బెంగాలీ ఎవరికీ రాదు. డాన్స్ పాటలో ముందు వినపడేది దరువు. తర్వాత గొంతు. మాట మూడోది. కీర్తనకి, బుర్రకథకి అర్థం కావాలి. కథ చెప్పే పాటకి అర్థం కావాలి. డీజే పాటకి అక్కర్లేదు. కాబట్టి మన భాష బయటికెళ్లడానికి ఉన్న దార్లన్నిట్లో డాన్స్ పాటే సులువైన దారి. అదే దారిలో మనం భాషని వదిలేసి పరిగెడుతున్నాం.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను, ఇది నన్ను బాగా కదిలించిన లెక్క. 2011లో రెండు దేశాల్లోనూ జనాభా లెక్కలు జరిగాయి. దక్షిణాఫ్రికాలో షివెండా మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 12 లక్షలు. మన దేశంలో లంబాడీ మాతృభాష అని రాయించినవాళ్లు 32 లక్షల పైన. బంజారీ అని వేరేగా రాయించినవాళ్లు ఇంకో 15 లక్షలు. అంటే మంగ్లీ అక్క ఇంటి భాష మఖాడ్జీ ఇంటి భాష కన్నా పెద్దది. రెండింతలు, మూడింతలు పెద్దది. సంఖ్య తక్కువ కాబట్టి మార్కెట్ లేదు అనే మాట ఇక్కడితో అయిపోయింది.

మరి తేడా ఎక్కడ? దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో పదకొండు అధికార భాషలు పెట్టారు. అందులో షివెండా ఒకటి. ప్రభుత్వ రేడియోలో ఆ భాషకి ఫలాఫలా ఎఫ్‌ఎం అని పూర్తి స్టేషన్ ఉంది, పొద్దున్నుంచి రాత్రి దాకా వార్తలు, పాటలు, నాటకాలు, కబుర్లు. బడిలో ఆ భాష సబ్జెక్టు. కాబట్టి లింపోపోలో ఒక పిల్ల తన భాషలో పాట చేస్తే దాన్ని వేసే రేడియో ఉంది, రేడియో విని పెరిగిన జనం ఉన్నారు. వాళ్ల మధ్య హిట్టయ్యాక జొహానెస్‌బర్గ్ వాడు వెతుక్కుంటూ వచ్చాడు. (ఆ రేడియో మొదలైంది తెల్లవాళ్ల పాలనలో, నల్లవాళ్లని భాషల వారీగా విడగొట్టి ఉంచడానికి. విడగొట్టడానికి కట్టినదాన్ని వీళ్లు తమ పాటకి వాడుకున్నారు.)

మన దగ్గర? లంబాడీ ఎనిమిదో షెడ్యూల్లో లేదు. జనాభా లెక్కల పుస్తకంలో 32 లక్షల మందిని "హిందీ" కింద కలిపేశారు. మా ఎరుకల భాషని "తమిళం" కింద కలిపారు. నమ్మకపోతే 2011 భాషల పట్టిక తీసి చూడండి, తమిళం కింద నాలుగు పేర్లు ఉంటాయి, నాలుగోది మాది. అమలాపురం పక్కన పుట్టి ఒక్క తమిళ అక్షరం రాని మా నానమ్మ ప్రభుత్వం లెక్కలో తమిళావిడ. కోయ 4 లక్షల పైన, సవర 4 లక్షల పైన, వాటికి కనీసం సొంత వరస ఉంది. ఉమ్మడి ఆంధ్రలో ఇరవై ఏళ్ల కింద ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పుస్తకాలు వేశారు, గోండి, కోయ, కొలామీ, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా. మంచి పని. అందులో మా ఎరుకల లేదు. మేము అడవిలో ఉండం కదా, ఊరి చివర ఉంటాం, అందుకని ఎవరికీ గుర్తు రాం.

మా సంగతి కొంచెం చెప్పనివ్వండి, కోనసీమ నుంచి ఈ గ్రూపులో రాసేవాళ్లు తక్కువ. మేము దబ్బ ఎరుకల. వెదురు చీల్చి బుట్టలు, తట్టలు అల్లేవాళ్లం. ఇంటి భాషని కుర్రు అంటారు. మా నానమ్మ తన చెల్లెలితో ఫోన్‌లో కుర్రులోనే మాట్లాడుతుంది, మేము గదిలోకొస్తే తెలుగులోకి మారిపోతుంది. ఎందుకే అంటే "ఆ భాష వినపడితే పోలీసోళ్లు దొంగ భాష అనేవారు రా" అంటుంది. నేరస్థ జాతుల చట్టం 1952లోనే పోయింది. ఆవిడ గొంతులోంచి ఇంకా పోలేదు. ఆవిడకి పెళ్లి పాటలు వచ్చు, చాకిరీ పాటలు వచ్చు, ఒకటి రెండు వెటకారం పాటలు కూడా వచ్చు, అవి మమ్మల్ని బయటికి పంపి పాడుతుంది.

తెలుగు సినిమాకి ఎరుకల సాని అంటే భలే ఇష్టం. బుట్ట, సోది, చేతిలో కర్ర. ఆవిడ చేత ఎప్పుడూ తెలుగే పాడిస్తారు. 2023లో స్టువర్టుపురం మీద టైగర్ నాగేశ్వరరావు తీశారు, మా వాళ్లు అభ్యంతరం చెప్పి హైకోర్టు దాకా వెళ్లారు. ఆ గొడవంతా మమ్మల్ని దొంగలుగా చూపించారని. సరైన గొడవే. ఆ సినిమాలో మా భాష ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగలేదు, మా సంఘాల పెద్దలు కూడా. భాష పోతే ఎవరికీ పరువు నష్టం అనిపించదు.

ఇక్కడ మన పెద్దల మీద ఒక మాట. ప్రభుత్వం మన కళని గౌరవించట్లేదని అనలేం. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీకి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో. ఇద్దరూ 2024లో పోయారు. సమ్మక్క సారలమ్మ కథ డోలి మీద చెప్పగలిగిన మనిషి పోయాడంటే ఒక గ్రంథాలయం... వద్దు, ఆ పోలిక అందరూ వాడేస్తారు. నేను అనేది ఇంతే. అవార్డు ఇచ్చేటప్పటికి ఆయన ముసలాయన. అవార్డు పాత కళకి. డబ్బు తెలుగు సినిమా పాటకి. మధ్యలో ఇరవై ఏళ్ల కోయ పిల్ల కోయ భాషలో ఎగిరే పాట చేస్తానంటే ఆ పిల్లకి అవార్డూ లేదు, డబ్బూ లేదు. "ఇది మన సంప్రదాయం కాదమ్మా, డీజే పెట్టి పాడు చేస్తున్నావు" అని మన పెద్దలే అంటారు. మఖాడ్జీని కూడా ఆ మాట అన్నారేమో గానీ, ఆమె భాషలో రేడియో ఉంది కాబట్టి నిలబడింది. మన పిల్ల ఆ ఒక్క మాటకి ఆగిపోతుంది.

తెలంగాణ తండాల కుర్రాళ్లు దీనిలో మనకన్నా చాలా ముందున్నారు. బంజారా డీజే సాంగ్స్ అని యూట్యూబ్‌లో కొట్టండి, వరద. పెళ్లి పాట, ప్రేమ పాట, మరదలి పాట, ఫోన్‌తో తీసిన వీడియో, చవక కీబోర్డు దరువు. లిరిక్స్ కొన్ని నాకు నచ్చవు, అమ్మాయిల మీద మరీ చవకబారు మాటలు. అయినా ఆ కుర్రాళ్లకి నేను దణ్ణం పెడతాను. వాళ్ల పాటకి ఎగరాలంటే పట్నంలో పుట్టిన లంబాడీ పిల్లాడు నాలుగు ముక్కలైనా గోర్ బోలి నేర్చుకోవాలి. ఆ పని ఏ సంఘం మీటింగూ చెయ్యలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. సారంగ దరియా వచ్చినప్పుడు జరిగింది గుర్తుందా? ఆ జానపదాన్ని కోమలి అనే గాయని అంతకు ముందే రేలా రే రేలా కార్యక్రమంలో పాడింది. సినిమాలో వచ్చాక తనని అడగలేదని, తన పేరు లేదని టీవీల ముందుకొచ్చింది. తర్వాత దర్శకుడు శేఖర్ కమ్ముల మాట్లాడి సర్దుబాటు చేశారు. ఇందులో మంగ్లీ అక్క తప్పేం లేదు, పాడమన్నారు, పాడింది. మన కాపీరైట్ చట్టంలో జానపదానికి విడిగా రక్షణ లేదు. ఊరందరిదీ అంటే ఎవరిదీ కాదు అన్నట్టే. కానీ పాడినవాళ్లకి తమ పాట రికార్డు మీద హక్కు ఉంది. కాబట్టి మన నానమ్మల దగ్గర పాట తీసుకున్నప్పుడు ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ, ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే చెప్పించి రికార్డు చెయ్యండి. రేపు ఎవరైనా పెద్దోళ్లు ఆ పాట తీసుకుంటే కనీసం చూపించడానికి మన దగ్గర ఒకటి ఉంటుంది. పెళ్లికి పాడితే రావాల్సిన చీర ఆవిడకి రావాలి కదా.

మంగ్లీ అక్కని ఏమీ అడగొద్దా అంటే, అడగొచ్చు. ఆవిడ ఇప్పుడు ఎవరి దయ మీదా లేదు. సొంత యూట్యూబ్ ఛానల్ ఉంది, ఏ పాట పెట్టినా లక్షల్లో చూస్తారు. ఏడాదికి ఒక్కటి, పండగ పాట కాకుండా, భక్తి పాట కాకుండా, మామూలు ఎగిరే పాట, పూర్తిగా గోర్ బోలిలో, తెలుగు లైను ఒక్కటి కూడా కలపకుండా చెయ్యమని అడగొచ్చు. "రాములో రాములా" అంత దరువుతో. తమ్ముడిలా అడుగుదాం, నిలదీసినట్టు కాదు. ఆ పాట వచ్చిన రోజు మనం పది మందికి పంపాలి. గోర్ జీవన్‌కి చేసినట్టు చేస్తే ఇంక అడిగే ముఖం ఉండదు.

మన వైపు నుంచి చెయ్యగలిగింది కూడా ఉంది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ప్రతి ఏడాదీ ఇక్కడ చదువుకునే మన పిల్లలు చిన్న ప్రోగ్రాం పెడతారు. చింతూరు, రంపచోడవరం వైపు నుంచి డిగ్రీకి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలు, మా ఎరుకల, యానాది పిల్లలు, ఉద్యోగరీత్యా వచ్చిన లంబాడీ కుటుంబాల పిల్లలు. గోదావరి నీళ్లు వచ్చిన దారినే సగం మంది వచ్చారు. ప్రతి ఏడాదీ ఏం జరుగుతుంది? ఉపన్యాసాలు మూడు, పూలమాల, చివర్లో గ్రూప్ డాన్స్, పాట తెలుగు సినిమాది. పోయినసారి స్టేజి మీద ఈకల కిరీటాలు కూడా పెట్టారు. మనలో ఎవరి తాతా ఆ ఈకలు పెట్టుకోలేదు, అది ఎవరి ఐడియానో గానీ.

ఈసారి ఒక్క రూలు పెడదామని నా ప్రతిపాదన. డాన్స్ ఎంతసేపైనా చెయ్యండి, డీజే పెట్టండి, బాక్సులు పగిలిపోవాలి. పాట మాత్రం మన భాషల్లో ఒకదానిలో ఉండాలి. కోయ ఉంటే కోయ, గోర్ బోలి ఉంటే గోర్ బోలి, కుర్రు ఉంటే కుర్రు. పాట లేకపోతే చేద్దాం. ఇంకా టైముంది. రాజోలు వైపు ఒక అన్న ఫంక్షన్లకి కీబోర్డు వాయిస్తాడు, బీట్ తను చేసిస్తానన్నాడు, డబ్బు వద్దు, పేరు వెయ్యండి చాలు అన్నాడు. ఒప్పుకునేవాళ్లు కింద రాయండి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో రాయండి.

మా నానమ్మని అడిగాను. మొదట ససేమిరా అంది. రెండో రోజు "బయటోళ్లు ఎవరూ ఉండరు కదా?" అంది. ఉంటారే, అందరూ ఉంటారు అన్నాను. కాసేపు దబ్బ చీల్చుకుంటూ కూర్చుని, "అయితే ఆ వెటకారం పాట వద్దు, పెళ్లి పాట చెప్తాను, రాసుకో" అంది. రాసుకుంటుంటే తెలుగు అక్షరాల్లో పట్టని చప్పుళ్లు రెండు మూడు వచ్చాయి. వాటిని ఎలా రాయాలో తెలిసినవాళ్లు, కుర్రు ఇంట్లో మాట్లాడేవాళ్లు ఈ గ్రూపులో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.